మా బీళ్లు మాకు విడిచిపెట్టు: సర్కారు తుమ్మకు బహిరంగ లేఖ

సర్కారు తుమ్మకు,

కడప జిల్లాలో ఏ ఊరి పొలిమేర దాటినా ముందుగా ఎదురయ్యేది నువ్వే. రైలు కట్ట పక్కన నువ్వు, చెరువు కట్ట మీద నువ్వు, శ్మశానంలో నువ్వు, పిల్లలు రాక మూతపడ్డ బడి ఆవరణలో నువ్వు. పెన్నా, పాపాఘ్ని, చిత్రావతి ఇసుక మేటల మీద నువ్వు. పట్టా చేతిలో ఉన్నా దున్నుకునే శక్తి లేని పేదవాడి రెండెకరాల్లో నువ్వు. మా జిల్లా దాటి పల్నాడుకు పోయినా, ప్రకాశానికి పోయినా, కృష్ణ దాటి పాలమూరు, నల్లగొండ వైపు వెళ్లినా ఇదే తీరు. ఒకచోట కంపచెట్టు అంటారు, ఒకచోట చిల్లచెట్టు అంటారు, ఇంకోచోట సర్కారు కంప అంటారు. ఎక్కడైనా గుచ్చుకునే ముల్లు మాత్రం అదే.

నిన్ను తిట్టిపోయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తిట్లు నీకు కొత్త కాదు, వాటివల్ల నీ కొమ్మ ఒక్కటీ ఎండలేదు. నీకూ మాకూ మధ్య దాదాపు 150 ఏళ్ల లెక్క ఉంది. అందులో నువ్వు ఇచ్చిందేమిటి, తీసుకున్నదేమిటి, మా వైపు నుంచి జరిగిన తప్పేమిటి, ఇకమీదట ఎవరి చోటు ఎవరిది అన్నది పదిమంది ముందు తేలాలి. అందుకే ఇది బహిరంగ లేఖ.

ముందుగా నీకు న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. నువ్వు దొంగతనంగా చొరబడలేదు. మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర తీరాల్లో నీ మానాన నువ్వు పెరుగుతుంటే మా పాలకులే నిన్ను పిలిపించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ కన్సర్వేటరుగా ఉన్న కర్నల్ బెడ్డోమ్ 1876లో నీ విత్తనాల కోసం పైఅధికారులకు రాశాడు. ఆ మరుసటి ఏడు, 1877లో, మా కమలాపురం దగ్గరే నిన్ను నాటారు. అది ధాత కరువు కాలం. వానలు లేక పంటలు పోయాయి, మేత లేక గొడ్లు పోయాయి, లక్షల మంది మనుషులూ పోయారు. మద్రాసు నుంచి బొంబాయి వైపు వేసిన రైలు మార్గం మా జిల్లా మీదుగానే వెళ్తుంది. బొగ్గు గనులు ఎక్కడో ఉన్నాయి. ఇంజన్లకు కట్టె కావాలి, పొయ్యిలకు కట్టె కావాలి, చుట్టుపక్కల అడవి చూస్తుండగానే తరిగిపోతోంది. నీళ్లు పోయకపోయినా, కంచె వేయకపోయినా, మేకలు కొరకకుండా నిలబడి నాలుగేళ్లలో కట్టె ఇచ్చే చెట్టు దొరికితే ఎవరు కాదంటారు? ఆనాటి ఆపదకు నువ్వు ఒక జవాబు. ఆ తర్వాత రాజస్థాన్‌లో జోధ్‌పూర్ సంస్థానం 1940లో నిన్ను రాజవృక్షంగా ప్రకటించింది. గుజరాత్‌లో కచ్ఛ్ ఉప్పు ఎడారి ముందుకు జరగకుండా ఆపడానికి 1961 ప్రాంతంలో బన్నీ గడ్డిభూముల అంచున వేల హెక్టార్లలో నిన్ను నాటారు. స్వాతంత్ర్యానికి ముందూ ఆ తర్వాతా, బీడు కనిపిస్తే నిన్ను చల్లడమే మా ప్రభుత్వాలకు తెలిసిన మార్గమైంది.

నువ్వు ఇచ్చినదాన్ని కూడా దాచను. మా పల్లెల్లో రెండు మూడు తరాల ఆడవాళ్లు నీ కట్టెల మోపులతోనే పొయ్యి వెలిగించారు. ఇప్పటికీ గ్యాస్ బండ నిండుకుని, కొత్తది కొనడానికి చేతిలో డబ్బు ఆడని రోజుల్లో పొయ్యిలోకి వచ్చేది నువ్వే. చేను చుట్టూ కంచె వేయడానికి నీ కొమ్మలే. పొగాకు బ్యారన్లకు నీ కట్టె పోయింది, విద్యుత్తు తయారుచేసే బయోమాస్ ప్లాంట్లకు నీ కట్టె లారీలకు లారీలు పోయింది. నీ పూలకు తేనెటీగలు వస్తాయి. చవుడు తేలిన నేలలో, మరే చెట్టూ బతకనిచోట, నువ్వు వేరు పోసుకుని గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తావు.

అన్నిటికన్నా ముఖ్యం, బొగ్గు. నీ కొమ్మలు నరికి, సమంగా ముక్కలు కొట్టి, గుండ్రంగా పేర్చి, పైన ఆకూ గడ్డీ కప్పి మట్టి మెత్తుతారు. ఒక పక్క నిప్పు పెట్టి గాలి ఆడే సందులు ఒక్కొక్కటే మూస్తూ వస్తారు. రోజుల తరబడి ఆ బట్టీ లోలోపల రగులుతుంది. పొగ దట్టంగా తెల్లగా వస్తుంటే కట్టెలో ఇంకా తడి ఉందని, పలచబడి నీలిరంగుకు తిరిగితే బొగ్గు పండిందని గుర్తు. మట్టి ఎక్కడ పగిలినా గాలి చొరబడి కట్టెంతా బూడిదవుతుంది కనుక రాత్రిళ్లు కూడా ఒక మనిషి కావలి ఉండాలి. ఆ పనిలో నెల్లూరు, ప్రకాశం వైపు యానాది కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సొంత భూమి లేక, ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, నెలల తరబడి నీ మధ్యే గుడిసె వేసుకుని బతికిన మనుషులు వాళ్లు. నిన్ను తీసేయాలని మాట్లాడే ఎవరైనా ముందు వాళ్ల ముఖాలు చూసి మాట్లాడాలి.

నీ మీద కొన్ని అబద్ధాలు కూడా తిరుగుతున్నాయి. నువ్వు ప్రాణవాయువు విడవవట, గాలిలోని తేమంతా పీల్చేసి వానల్ని ఆపేస్తావట, నీ నీడన కట్టేసిన ఆవు గొడ్డుపోతుందట. పచ్చని ఆకున్న ఏ చెట్టయినా పగటిపూట ప్రాణవాయువు విడుస్తుంది, నువ్వూ అంతే. వానలు నీ ఒక్కదానివల్ల ఆగవు. ఇలాంటి మాటలు నమ్మితే నీ అసలు నష్టం కనపడకుండా పోతుంది. నీ మీద ఉన్న నిజమైన అభియోగాలే చాలు, కొత్తవి పుట్టించాల్సిన పని లేదు.

మొదటి అభియోగం గడ్డి. ఊరి పశువులు మేసే బీడు నీ చేతికి చిక్కాక అక్కడ గరిక కూడా మిగలదు. నీ నీడ, నీ రాలిన ఆకు, నీ వేళ్ల పోటీ కలిసి నేలను బోసిగా చేస్తాయి. వృక్షశాస్త్రం నీకు దగ్గరి చుట్టంగా లెక్కగట్టే మా జమ్మిని చూడు. దసరా నాడు మేము పూజించే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. రాజస్థాన్ రైతులు చేల మధ్యలో జమ్మిని ఉంచుకుని దాని కిందే సజ్జలు పండిస్తారు, దాని ఆకు పశువులకు మేత. జమ్మి కింద పంట పండుతుంది. నీ కింద గడ్డి కూడా మొలవదు. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరికి ఇంత తేడా.

నీతో పోటీపడలేక వెనక్కి తగ్గినవి ఒకటా రెండా! అరకకూ బండికీ కర్ర ఇచ్చిన నల్లతుమ్మ, జీవాలకు కాయలు రాల్చిన తెల్లతుమ్మ, కలివి పొదలు, బలుసు, తంగేడు, రేగు, పరికి. బడి నుంచి వస్తూ పిల్లలు జేబుల్లో నింపుకున్న పరికిపండ్లు ఈనాటి పిల్లలకు తెలియవు. గొర్రెల కాపరులు పొద్దున మంద తోలుకుని బయల్దేరి మేత కోసం పక్క మండలాల దాకా పోవాల్సి వస్తోంది. బీడు లేక కాదు. కాగితాల్లో మేత పోరంబోకు అలాగే ఉంది. దాని మీద నువ్వున్నావు.

రెండో అభియోగం నీరు. అమెరికాలోని అరిజోనాలో గని తవ్వుతుంటే నీ జాతి చెట్టు వేరు 53 మీటర్ల లోతున బయటపడింది. మా పాత బావుల్లో ఏ ఒక్కటీ అంత లోతు లేదు. మే నెల ఎండకు చుట్టుపక్కల సమస్తం మాడిపోయినా, వంక పక్కన నువ్వు పచ్చగా నిలబడ్డావంటే భూమి లోపలి నీళ్లు తాగుతున్నావనే అర్థం. ఆ నీళ్ల కోసమే రైతు అప్పు చేసి బోరు మీద బోరు వేయిస్తున్నాడు.

చెరువు దగ్గర నువ్వు చేసే నష్టం ఇంకా ఎక్కువ. చెరువు నిండాలంటే ముందు దానికి నీళ్లు తెచ్చే వంకలు, కాలువలు తెరిపిగా ఉండాలి. ఆ కాలువల్లో నువ్వు గుబురుగా మొలిస్తే వరదతో వచ్చిన చెత్తా మట్టీ నీ మొదళ్ల దగ్గర ఆగిపోతాయి. ఏటికేడు మేట పెరుగుతుంది, నీళ్లు దారి తప్పి పక్క చేలల్లో పడతాయి, చెరువు మాత్రం ఎండిపోయే ఉంటుంది. మరవ దగ్గర నువ్వు అడ్డం నిలబడితే పెద్ద వరద నాడు నీళ్లు వెళ్లే దారిలేక కట్ట మీదకు వస్తాయి. కట్టలో దిగిన నీ వేరు కుళ్లిందంటే ఆ బొరియ వెంట నీరు ఊరడం మొదలవుతుంది. తూము దగ్గరకు దిగి పలక ఎత్తాల్సిన మనిషికి కాలు పెట్టే చోటు ఉండదు. కట్ట మీద నడిచి ఊట ఎక్కడుందో చూసే పాత అలవాటే నీ ముళ్లకు భయపడి చాలా ఊళ్లలో పోయింది.

మూడో అభియోగం పేదవాడి భూమి. ప్రభుత్వం పేదలకు డి.కె.టి. పట్టాలిచ్చిన భూముల్లో చాలా భాగం రాళ్లూ రప్పలూ ఉన్న మెట్ట. ఎద్దులు లేని దళిత కుటుంబానికి ఆ పట్టా అందింది, నీటి వసతి అందలేదు. రెండేళ్లు వాన మొహం చాటేస్తే ఆ చేను నీదైపోతుంది. మళ్లీ సాగులోకి తేవాలంటే జేసీబీకి గంటకింత అని కట్టాలి. అంత డబ్బే ఉంటే ఆ చేను బీడు పడేదే కాదు. సాగు లేదని తేలితే పట్టాకే ముప్పు. నీ ముల్లు అరికాల్లో దిగి విరిగితే ఏమవుతుందో నీ మధ్య పనిచేసిన ఎవరినైనా అడుగు. టైరు చెప్పును కూడా పొడుచుకుని పైకి వస్తుంది. మొన బయట విరిగిపోతుంది, లోపలి ముక్క చీము పట్టి వారాల తరబడి కూలికి పోనివ్వదు. రోజు కూలి మీద బతికే ఇంట్లో అది ఆకలి లెక్క.

నువ్వు ఇంత దూరం ఎలా పాకావో తెలుసుకుంటే నిన్ను ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. నీ కాయ తియ్యగా ఉంటుంది. ఎండాకాలంలో మేత దొరకని మేక దాన్ని కరకర నమిలి మింగుతుంది. గింజ పైపెంకు గట్టిది, పళ్లకు నలగదు. కడుపులోని పులుపుకు ఆ పెంకు మెత్తబడి, గింజ చావకుండా, మొలకెత్తడానికి సిద్ధమై పెంటికతో బయటపడుతుంది. ఎరువు కూడా అక్కడే ఉంటుంది. తొలకరి పడ్డాక మంద తోలిన బాటను చూస్తే నీ మొలకలు బారులు తీరి కనిపిస్తాయి. దొడ్డిలోని పెంటను రైతు చేనికి తోలితే, ఆ బండితోపాటే నువ్వూ చేనికి చేరతావు. వరద నీటితో వంక వెంట దిగువ ఊళ్లకు పోతావు. మొలవడానికి తరి రాకపోతే మట్టిలో ఏళ్ల తరబడి కాచుకుని కూర్చుంటావు. ఇక ఆ కాయలే ప్రధాన మేతగా తిన్న మేకలకూ ఆవులకూ దవడలు వణికి, నమలలేక చిక్కిపోయే జబ్బు వస్తుందని పశువైద్యులు ఎన్నో దేశాల్లో గుర్తించారు.

ఆ బాధ మా ఒక్కరిదే కాదు. కెన్యాలో బరింగో సరస్సు పక్క పశుపాలకుల ప్రాంతంలో 1980 దశకంలో నిన్ను నాటారు. నీ కాయలు తిని మా మేకల పళ్లు ఊడిపోతున్నాయి, మా మేత భూములు పోయాయి అంటూ అక్కడి ప్రజలు ప్రభుత్వం మీద దావా వేసి, పళ్లు లేని మేకను నైరోబీలో కోర్టు దాకా తీసుకువెళ్లి చూపించారు. ఇథియోపియాలో అఫార్ పశుపాలకుల మేత భూములు నీ కింద పోయాయి. కచ్ఛ్‌లో బన్నీ గడ్డిభూమి, దాని మీద బతికిన బన్నీ గేదెలూ మాల్ధారీ పశుపాలకులూ నీవల్ల ఎంత నలిగారో దేశమంతా చెప్పుకుంటుంది. అక్కడివాళ్లు నిన్ను పిచ్చి తుమ్మ అనే పిలుస్తారు. తమిళనాట మద్రాసు హైకోర్టు పలుమార్లు నిన్ను తొలగించమని ఆదేశాలిచ్చింది. 2022లో ఆ రాష్ట్రం పరదేశపు కలుపు మొక్కల మీద ఒక విధానాన్నే ప్రకటించింది.

ఇన్ని చోట్ల ఇంతమంది ఇంతగా పట్టుబట్టినా నువ్వు ఇంకా ఎందుకున్నావు? నాకు తెలిసిన జవాబు ఒక్కటే. రోజూ మనిషి కాలు పడే నేలలో నువ్వు నిలవలేవు. ఏటా దున్నే మడిలో నువ్వు లేవు. గడ్డి కోసం ఊరివాళ్లు కాపాడుకునే బీట్లో నువ్వు పలచన. ఎవరూ నాది అనుకోని చోటు దొరికిందా, అక్కడ నువ్వు అడవివి అవుతావు. అమరావతిలో ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది. 2019 తర్వాత నిర్మాణాలు ఆగిపోయిన భూముల్లో, సగం కట్టిన భవనాల చుట్టూ ముళ్లకంపలు ఎదిగాయి. 2024లో పనులు మళ్లీ మొదలుపెట్టాలంటే వేల ఎకరాల్లో ముందు ఆ కంప తొలగించాల్సి వచ్చింది. ఒకప్పుడు ఏడాదికి రెండు మూడు పంటలు పండిన నేల అది. దాన్ని ముంచడానికి ఐదేళ్లు చాలాయి. రాజధానికే ఆ గతి పట్టినప్పుడు దిక్కులేని ఊరి బంజరు ఎంత?

ఒకప్పుడు ఈ బంజర్లకు దిక్కు ఉండేది. చెరువు కింద నీరుకట్టువాడు ఉండేవాడు, కట్ట మీద మొక్క మొలిస్తే చూసేది అతని పని. బీట్లో ఎప్పుడు మేపాలో, ఎప్పుడు గడ్డి ఎదగనివ్వాలో ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. ఆ కట్టుబాట్లలో కులం హెచ్చుతగ్గులు ఉన్నాయి, అన్యాయాలు ఉన్నాయి, వాటిని వెనక్కి తెమ్మని ఎవరూ అడగరు. కానీ ఆ కట్టుబాటు పోయాక దాని స్థానంలో మరొకటి రాలేదు. బంజరు రెవెన్యూవాళ్లదని పంచాయతీ అంటుంది, చెరువు నీటిపారుదల శాఖదని రెవెన్యూ అంటుంది, చెట్లు అటవీశాఖ చూసుకోవాలని నీటిపారుదల శాఖ అంటుంది. ఈ నలుగురి మధ్య సందులో నువ్వు పెరిగావు.

నిన్ను తీసే పని జరగలేదని కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అప్పటి నుంచి కంప కొట్టే పనులు ఎన్ని ఊళ్లలో, ఎన్నిసార్లు జరిగాయో! చెరువుల పునరుద్ధరణ పనులు వచ్చిన ప్రతిసారీ కట్టల మీద కంప తీశారు. కొలతలు రాశారు, బిల్లులు అయ్యాయి. తర్వాతి వానకాలానికి నువ్వు మళ్లీ లేచావు, అదీ ముందుకన్నా గుబురుగా. ఎందుకంటే నేల మట్టానికి నరకడమంటే నీకు క్షవరం చేయడమే. ఒక మాను నరికినచోట పది పిలకలు వేస్తావు. జేసీబీ దొర్లించి వదిలేసిన చోట నేల గుల్లబారి, మట్టిలో దాగిన గింజలన్నీ ఒక్కసారిగా మొలుస్తాయి. కొలతల పుస్తకంలో నరికిన విస్తీర్ణానికి గడి ఉంటుంది, మరుసటి ఏడు మళ్లీ మొలిచిన దానికి ఉండదు.

అందుకే ఇప్పుడు నీతో వేరే పద్ధతిలో తలపడాలని మా ఊళ్లకు చెబుతున్నాను. నువ్వూ విను.

నీ చిగుళ్లన్నీ వేరు మొదట్లోనే, మట్టికి కాస్త కిందే పుడతాయి. గొడ్డలి దెబ్బ అక్కడ కాదు, ఇంకా కింద పడాలి. మొదలు చుట్టూ గడ్డపారతో తవ్వి, కనీసం జానెడు లోతున వేరు తెగ్గొట్టి మొద్దును బయటికి లాగాలి. చేతివేలంత మొక్కలను తొలకరి తర్వాత, నేల మెత్తగా ఉన్నప్పుడు పీకితే వేరుతో సహా వస్తాయి. చెరువు గర్భంలో కలుపు మందులు కొడితే ఆ విషం రేపు మా నీళ్లలోకే వస్తుంది కనుక ఆ దారి వద్దు. మొద్దు తీసిన చోట ఆ వానకే ఏదో ఒకటి నిలబడాలి. బీడైతే గడ్డి విత్తనం చల్లి రెండు వానకాలాలు మంద పోకుండా కాపాడాలి. పొలమైతే దున్ని జొన్నో కందో వేయాలి. గట్లైతే కానుగ, వేప, చింత నాటాలి. వరసగా మూడేళ్లు, వానలు వెనకబట్టాక ఒకసారి ఆ నేలంతా నడిచి కొత్త మొలకలు ఏరేయాలి. నువ్వు మళ్లీ లేవకుండా చేసేది ఆ మూడేళ్ల నడకే. కాంట్రాక్టరుకు చివరి బిల్లు కూడా ఆ మూడో ఏడు చూశాకే ఇవ్వాలి. ఉపాధి కూలీలకు మాత్రం చేసిన రోజుకు చేసినట్టే కూలి పడాలి, మూడేళ్ల కాపు పని కూడా వాళ్లకే రావాలి.

కాయల సంగతి వేరేగా చూడాలి. రాలిన కాయలు ఏరి, ఎండబెట్టి, గింజతో సహా పిండి పట్టిస్తే ఆ గింజ ఇక మొలవదు. ఆ పిండిని మిగతా దాణాలో తగుమాత్రంగా కలిపితే పశువుకు మేలే. ఏరిన కాయకు కిలోకు ఇంత అని ధర కడితే ఆ పని పొదుపు సంఘాల ఆడవాళ్లు చేయగలరు. నువ్వు పాకే దారి మూసుకుపోతుంది, వాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తాయి.

బొగ్గు మీద బతికే కుటుంబాలను గెంటేసి నిన్ను తీసేస్తామంటే నేను ఒప్పుకోను. కంప తీసే హక్కు, ఆ కట్టె అమ్ముకునే హక్కు ముందు వాళ్లవే కావాలి. మేస్త్రీ చేతికీ అడ్వాన్సు ఇచ్చిన షావుకారు చేతికీ కాకుండా వాళ్ల సంఘం ఖాతాలోకి డబ్బు రావాలి. తీసిన భూమిలో వాళ్లకు వాటా ఉండాలి. ఊరి ఆడవాళ్లకు పొయ్యి కట్టె కోసం ప్రతి ఊళ్లో రెండు మూడెకరాలు వేరుగా చూపించాలి. చేతిలో ఉన్న ఆధారం లాక్కుని, రేపు గడ్డి మొలుస్తుంది, ఎల్లుండి చెరువు నిండుతుంది అని పేదవాళ్లకు చెప్పడం న్యాయం కాదు.

ఇదంతా జరిగే పనేనా అని అడిగేవాళ్లకు చెన్నేకొత్తపల్లి వైపు చూపిస్తాను. పూర్వపు అనంతపురం జిల్లాలో, దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకచోట, టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి కొన్ని ఊళ్లవాళ్లు 1990ల నుంచి కల్పవల్లి కొండలను కాపాడుకుంటూ వచ్చారు. అవి అప్పటికి రాళ్లు తేలిన బోడి గుట్టలు. కావలి మనుషులను పెట్టుకున్నారు, ఎండాకాలం మంటలు పాకకుండా అడ్డు బాటలు చేసుకున్నారు, మేతకు నియమాలు పెట్టుకున్నారు. వేల ఎకరాల్లో బోదగడ్డి లేచింది, ఈతచెట్లు నిలబడ్డాయి, వంకల్లో నీళ్లు ఎక్కువ కాలం పారాయి. తర్వాత ఆ గుట్టల మీదకు గాలిమరలు వచ్చి కొత్త గాయాలు చేశాయి, అది వేరే పోరాటం. కానీ ఊరు కాపలా కాస్తే బీడు తిరిగి లేస్తుందని ఆ కొండలు రుజువు చేశాయి. అక్కడ గెలిపించింది యంత్రాలు కాదు. ఇది మాది అని నమ్మి రోజూ తిరిగి చూసుకున్న మనుషులు.

నిన్ను లోకంలో లేకుండా చేయాలని నేను కోరను. అది కుదిరే పనీ కాదు. మరేదీ మొలవని చవుడు నేలల్లో, ఊరు గీసిన హద్దులో, కాయ పండకముందే కట్టె కొట్టుకునే తోటగా నువ్వుండు. అంతకు మించి నీకు చోటు లేదు. చెరువు గర్భం నుంచి, కట్ట మీద నుంచి, మరవ ముందు నుంచి, వంకల్లోంచి, మేత పోరంబోకుల నుంచి, పేదవాడి పట్టా భూమి నుంచి నువ్వు లేచిపోవాలి. ఊరి ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి గ్రామసభ చేతికి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు మనుషుల ఆక్రమణల గురించి. నువ్వు ఆక్రమించుకున్నదీ ఆ భూమినే. చాలాచోట్ల మనిషి కబ్జాకు ముందు దారి వేసేది కూడా నువ్వే. ఎవరికీ పనికిరాని కంపభూమి అని రాసి ఇచ్చేయడం సులువు కదా.

అందుకని మా సర్పంచులను, కార్యదర్శులను, సాగునీటి సంఘాలను, గొర్రెల కాపరుల సంఘాలను ఒకటే అడుగుతున్నాను. వచ్చే గ్రామసభలో మన ఊరి ఉమ్మడి భూమి లెక్క బయటపెట్టండి. ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలుంది, అందులో కంప ఎంత పాకింది, దాని మీద ఎవరు బతుకుతున్నారు, తీసేశాక ఆ నేల ఎవరి వాడకానికి, మూడేళ్లు ఎవరు చూస్తారు అన్నది పేర్లతో సహా రాసి గోడకు అంటించండి. అన్నీ ఒకేసారి కాదు. ఈ ఏడు చెరువుకు నీళ్లు తెచ్చే ఒక్క వంక, పై ఏడు మేత బీడు. తీసిన చోట మళ్లీ మొలవనివ్వకుండా నిలబెట్టుకున్నాకే కొత్తచోటికి పోండి.

సర్కారు తుమ్మా, నిన్ను నాటిన ప్రభుత్వం పోయింది, ఆ కరువు పోయింది, కట్టెతో నడిచిన ఆ ఇంజన్లూ పోయాయి. మేము ఉన్నాం, మా గొడ్లూ జీవాలూ ఉన్నాయి, నీళ్లు లేని మా చెరువులు ఉన్నాయి. మేము పట్టించుకోని ప్రతి ఏడూ నీదే అయింది. ఇకమీదట ఒక్కో వంక, ఒక్కో బీడు లెక్క పెట్టుకుని తిరిగి తీసుకుంటాం, తీసుకున్నదాన్ని వాడుకుంటాం.

ఇట్లు,
కమలాపురం వైపు పుట్టి పెరిగిన ఒక రైతు బిడ్డ